కుక్కకి గుండు చేయించేవాళ్ళకి ఒక్క మాట

మార్చి వచ్చిందో లేదో మా వైపు కుక్కలున్న ఇళ్ళల్లో ఒకటే మాట. "పాపం, ఆ బొచ్చుతో దానికెంత ఉక్కగా ఉందో, గుండు కొట్టించేద్దాం!" ఏమండీ, తిరుపతి మొక్కేమన్నా ఉందా దానికి? ఎండలంటే ముందు రెంటచింతల పేరు చెబుతారు గానీ నరసరావుపేట, గుంటూరు, ఒంగోలు మాత్రం తక్కువ తిన్నాయా? జాలిపడటం మంచిదే. ఆ జాలి మిషను పట్టుకున్నప్పుడే చిక్కంతా.

కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ వేడి దించుకుంటుంది. హస్కీ, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, మనం పామరేనియన్ అని పిలుచుకునే తెల్ల స్పిట్జ్, వీటన్నిటికీ బొచ్చు రెండు పొరలు. లోపల దూదిలాంటిది, పైన గరుకు వెంట్రుక. పత్తి పండించే ఊళ్ళవాళ్ళం, దూదిలో గాలి ఆడదని మనకొకరు చెప్పాలా! రాలాల్సిన దూది లోపలే ఇరుక్కుపోవడం వల్లే ఆ ఉక్క. పై వెంట్రుక మాత్రం ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపు కాస్తుంది. తీయాల్సింది లోపలి దూదిని. మనమేమో రెండూ కలిపి గీకించేస్తాం. ఆపైన ఎండ చర్మం మీదే పడుతుంది. కొన్నిటికి బొచ్చు మళ్ళీ సరిగా రాదు, అతుకులు అతుకులుగా మొలుస్తుంది. దానికి డబ్బులిచ్చి మరీ వస్తాం!

ఈ దూది తీయడానికి అండర్‌కోట్ రేక్ అని ఉంటుంది. పొలంలో దంతెలాగా పళ్ళు ఎడంగా ఉంటాయి. వారానికి 2 సార్లు, బొచ్చు రాలే రోజుల్లో రోజూ, వెంట్రుక వాలు వైపే లాగాలి. అంతే, గుండు అక్కర్లేదు.

ఇక ఆ కిట్లు అమ్మేవాళ్ళ సంగతి. అయిదారు వస్తువులు ఒక సంచిలో పెట్టి, అన్ని జాతులకీ పనికొస్తుందని అమ్ముతారు. అన్ని కాళ్ళకీ ఒకే చెప్పు అన్నట్టుంది! లాబ్రడార్‌కీ, మన వీధి కుక్కకీ ఉండేది పొట్టి వెంట్రుక. వాటికి రబ్బరు బొడిపెల బ్రష్షు చాలు. గేదెని ఎండుగడ్డి చుట్టతో రుద్దినట్టు రుద్దితే హాయిగా కళ్ళు మూసుకుంటుంది. సన్న తీగలుండే స్లికర్ బ్రష్షు వీటి మీద గట్టిగా లాగితే చర్మం గీరుకుపోతుంది. షిట్జూది ఇంకో కథ. దాని జుట్టు మన జుట్టులాగా పెరుగుతూనే ఉంటుంది. దానికి స్లికర్ కావాలి, ఆ తర్వాత స్టీలు దువ్వెన. చర్మం దగ్గర పెట్టిన దువ్వెన కొస దాకా ఆగకుండా రావాలి. పైపైన నున్నగా దువ్వి లోపల ఉండలు వదిలేస్తే ఏం లాభం? వేసవిలో పొట్టిగా కత్తిరించుకోవాలంటే ఈ షిట్జూకే కత్తిరించండి, మళ్ళీ పెరుగుతుంది. బొచ్చు రాల్చే బ్లేడు మాత్రం దీని జోలికి రానివ్వకండి, అది జుట్టు తెంపేస్తుంది.

ఉండకట్టినచోట కత్తెర పెట్టకండమ్మా. ఆ ఉండతోపాటు చర్మం పైకి లేచి ఉంటుంది, తెగేది అదే. ముందు వేళ్ళతో విడదీసి, దువ్వి, అప్పుడు స్నానం. తడిస్తే ఉండ ఇంకా బిగుసుకుంటుంది. ఒళ్ళంతా అట్టకట్టేసిందంటే డాక్టరు దగ్గరికే, అప్పుడు గుండు తప్పదు.

మన చేలల్లో తిరిగొచ్చే కుక్కకి ఇంకో బాధ. వేళ్ళ సందుల్లో పల్లేరు కాయలు, చెవుల దగ్గర ఉత్తరేణి గింజలు, వాన పడితే పాదాలకి రేగడి ముద్దలు. దువ్వే ముందు చేత్తో తడిమి చూడండి, పిడుదులు కూడా అప్పుడే దొరుకుతాయి. మిరప కల్లంలోంచి వస్తే ముందు తడిగుడ్డతో తుడవండి. ఆ ఘాటు దాని ముక్కుకే కాదు, దువ్విన చేత్తో కళ్ళు నులుముకున్న మనకీ తగులుతుంది.

ఇంతకీ ఇదంతా మనకే ఎందుకు చెబుతున్నానంటారా? ఫొటో చూసి ముచ్చటపడి హస్కీ తెచ్చేది పిల్లాడు. దాన్ని తిప్పుతూ ఊళ్ళో గొప్పలు పోయేది ఆయన. మంగళగిరి చీర మీద తెల్ల బొచ్చు ఏరుకునేదీ, పప్పు డబ్బా మూత తీసే ముందు చేతులు రెండుసార్లు కడుక్కునేదీ మనం. ఎంత బొచ్చున్న కుక్కని తేవాలో మనల్ని అడగరు, బొచ్చు రాలితే మాత్రం "ఇల్లు శుభ్రంగా లేదేం" అని మనల్నే అంటారు! అసలు గుండు మాట ఇంట్లో ఎందుకు పుడుతుందంటే, దువ్వడానికి ఎవరికీ తీరిక లేక. ఎండ ఒక సాకు.

అందుకే కుక్క ఇంటికి రాకముందే అడగండి, ఆదివారం ఎవరు దువ్వుతారు, బుధవారం ఎవరు అని. జవాబు రాకపోతే హస్కీ వద్దు, పొట్టి వెంట్రుకల మన ఊరి కుక్కపిల్లని తెచ్చుకోండి. ఇప్పటికే తెచ్చేసుకున్నారా? అయితే రేక్ కొని, ఆయన పేపరు పక్కన పెట్టండి.