మున్నార్ వెళ్ళేవారికి ఒక మాట

పంట ఇంటికి చేరి, అప్పులు పోను చేతిలో నాలుగు రూపాయలు మిగిలితే మన పల్లెల్లో ఇప్పుడొక కొత్త ఆలోచన పుడుతోంది. ఇదివరకు తిరుపతో, శ్రీశైలమో, మహా అయితే కాశీయో అనుకునేవాళ్ళం. ఇప్పుడు పదిమంది కలిసి చందాలు వేసుకుని కొండ ఊళ్ళు చూడటానికి బయలుదేరుతున్నారు. శబరిమల వెళ్ళిన స్వాములు సైతం తిరుగు ప్రయాణంలో ఒకరోజు కలుపుకుని కేరళలోని మున్నార్ చూసి వస్తున్నారు. మంచిదే. ఊరి పొలిమేర దాటకుండా బతుకు వెళ్ళదీసిన పెద్దల సంతానం మనం. నాలుగు ఊళ్ళు తిరిగితే నాలుగు సంగతులు తెలుస్తాయి. అయితే అంత ఖర్చుపెట్టి వెళ్ళి ఏం చూసి వస్తున్నామన్నదే నా ప్రశ్న.

కిందటి ఏడాది మా ఊరి నుంచి నలభై మందిమి వెళ్ళాం. రైల్లో ఆలువా దాకా, అక్కడి నుంచి సుమారు 110 కిలోమీటర్లు బస్సులో. నేర్యమంగలం దగ్గర పెరియార్ నది దాటగానే ఘాట్ రోడ్డు మొదలవుతుంది. దారిలో చీయప్పార జలపాతం రోడ్డు పక్కనే దూకుతూ కనిపిస్తుంది. అడిమాలి దాటి ఇంకా పైకి ఎక్కితే తేయాకు తోటలు వస్తాయి. కొండలకు నూనె రాసి దువ్వెనతో దువ్వినట్టు ఒకటే పచ్చదనం. తమిళంలో మూను అంటే మూడు, ఆరు అంటే ఏరు. ముదిరపుళ, నల్లతణ్ణి, కుండల అనే మూడు ఏర్లు కలిసేచోట వుంది గనుక మున్నార్ అయింది. సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తు. దక్షిణాదిలోకెల్లా ఎత్తయిన ఆనముడి శిఖరం, 2,695 మీటర్లది, అక్కడికి దగ్గరే. ఆ చల్లగాలి, ఆ మంచు, ఆ పచ్చదనం చూస్తే ఎంత కష్టజీవికైనా ప్రాణం లేచి వస్తుంది. అందులో సందేహం లేదు.

నాట్లలో దిగి ఫొటో తీస్తే ఊరుకుంటామా?

మరునాడు ఉదయం బస్సు ఒక తోట పక్కన ఆగింది. ఆడవాళ్ళు వరుసగా నిలబడి ఆకు కోస్తున్నారు. మా కుర్రాళ్ళు గబగబా దిగి చెట్ల మధ్యకు చొరబడ్డారు. ఒకడు ఆకు సంచి అడిగి భుజాన వేసుకున్నాడు. ఒకడు ఆకు కోసే ఆమె పక్కన నిలబడి సెల్‌ఫోను ఎత్తాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుని, కొంగు లాక్కుని, పై వరుసలోకి వెళ్ళిపోయింది. వీడు అక్కడికీ వెళ్ళాడు.

మాతో వచ్చినవాళ్ళలో ఏటా రెండు కార్లు వరినాట్లకు వెళ్ళే పెద్దావిడ ఒకరున్నారు. ఆమె బస్సు మెట్ల మీద నుంచే కేకేసింది. "ఒరేయ్ అబ్బాయిలూ, మనం నాట్లు వేస్తుంటే ఎవడో బస్సు దిగి మళ్ళోకొచ్చి ఇట్లా ఫొటోలు తీసుకుంటే మీ నాన్నలు ఊరుకుంటారా? రండి ఇవతలికి" అంది. కుర్రాళ్ళు నవ్వుకుంటూనే వచ్చేశారు. ఆమె మాత్రం నవ్వలేదు. గట్టు మీద కూర్చుని చాలాసేపు ఆ కోతనే చూసింది. "నడుం వంచే పని మనది, నిలబడే పని వీళ్ళది. కాళ్ళు మాత్రం ఇద్దరికీ ఒకటే" అంది. మూడు రోజుల ప్రయాణంలో నాకు బాగా గుర్తుండిపోయిన మాట అది.

ఈ పచ్చదనం ఎవరు చేసింది?

మనం ప్రకృతి అందమంటున్న ఆ తోట ప్రకృతి పెట్టింది కాదు. తేయాకు మొక్కను వదిలేస్తే చెట్టయిపోతుంది. ఏళ్ళ తరబడి కత్తిరించి, నడుం ఎత్తున నిలబెట్టి, వారానికో పదిరోజులకో చిగురు కోస్తేనే కొండ అలా చదునుగా కనిపిస్తుంది. ఒక మొగ్గ, రెండు లేత ఆకులు, ఇదీ కోయవలసింది. నాలుగు కిలోలకు పైగా పచ్చి ఆకు కోస్తేగాని కిలో టీపొడి కాదు. ఆ ఆకును వాడబెట్టి, నలిపి, రంగు తిరగనిచ్చి, వేడిగాలిలో ఎండబెట్టి, జల్లెడ పడితే మన ఊరి టీ బంకుకు చేరే పొడి అవుతుంది.

ఈ కొండలు 1877లో పూంజార్ రాజకుటుంబం నుంచి మన్రో అనే ఇంగ్లీషు దొర చేతికి వచ్చాయి. 1880లో షార్ప్ అనే ఇంకో దొర అక్కడ మొదట తేయాకు వేశాడని చెబుతారు. పేర్లు దొరలవే మిగిలాయి. అడవి కొట్టిందీ, జ్వరాలకు చచ్చిందీ, మొక్క నాటిందీ కూలీలు. వారిలో ఎక్కువమంది తమిళ జిల్లాల నుంచి వచ్చిన పేదలు, దళితులు. మనకు మేస్త్రి ఎలాగో వాళ్ళకు కంకాణి అలాగ. అతను బయానా ఇచ్చి కుటుంబాలకు కుటుంబాలను కొండెక్కించేవాడు. ఈ కథ మనకు కొత్తదేమీ కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి మనవాళ్ళు ఇలాగే అస్సాం తేయాకు తోటలకు వెళ్ళారు. వాళ్ళ మనుమలు, మునిమనుమలు నేటికీ అక్కడే వున్నారు.

తోటల్లో కూలీలుండే ఇళ్ళను లయాలంటారు. ఒకే కప్పు కింద వరుసగా వుండే గదులు. తోట కూలీలకు ఇల్లు, వైద్యం యజమానే చూడాలని 1951లో వచ్చిన చట్టం చెప్పింది. ఆ మేరకు ఇళ్ళూ వచ్చాయి, ఆస్పత్రులూ వచ్చాయి. కాదనలేం. కాని ఆ ఇల్లు పని వున్నంతవరకే. పని మానిన రోజున ఇల్లు ఖాళీ చేయాలి. అందుకే కొడుకో కూతురో అదే తోటలో పనికి దిగాలి. మూడు నాలుగు తరాలు అక్కడే పుట్టి, అక్కడే పోయినా సొంతమని చెప్పుకునే సెంటు స్థలం లేనివాళ్ళు ఎందరో. మన ఊళ్ళో ఎంత పేదవాడికైనా ఇంటి స్థలం పట్టా కోసం ఎమ్మార్వో ఆఫీసు ముందు కూర్చునే దారి వుంది. ఆ తేడా చిన్నది కాదు.

ఆడవాళ్ళు రోడ్డెక్కిన రోజులు

2015 సెప్టెంబరులో ఈ ఊళ్ళోనే ఒక పెద్ద సంగతి జరిగింది. ఆ ఏడాది బోనసు 10 శాతానికి తగ్గించారని ఆకు కోసే ఆడవాళ్ళు వేల సంఖ్యలో కొండ దిగి రోడ్డు మీద కూర్చున్నారు. అప్పటికి వాళ్ళ రోజు కూలి 232 రూపాయలు. రోజుకు కనీసం 21 కిలోల ఆకు కోయాలి. 2005 నుంచి ఆ తోటలు కార్మికులకు కూడా వాటాలున్న కంపెనీ కిందే వున్నాయి. వాటాదారులైనా కూలి చాలక రోడ్డెక్కవలసి వచ్చింది. వాళ్ళు పార్టీ నాయకులను, సంఘం నాయకులను దగ్గరకు రానివ్వలేదు. "పెంబిళై ఒరుమై", అంటే ఆడవాళ్ళ ఐకమత్యం, అని పేరు పెట్టుకున్నారు. తొమ్మిది రోజులు కదల్లేదు. చివరకు బోనసూ అదనపు సొమ్మూ కలిపి 20 శాతం ఇచ్చారు. తర్వాతి నెలలో కూలి 301 రూపాయలకు పెరిగింది. అడిగిన 500 మాత్రం రాలేదు. నాట్ల కూలి రేటు దగ్గర ఏటా తగువు పడే మన ఆడవాళ్ళకు ఈ కథ చెబితే వెంటనే అర్థమవుతుంది. మున్నార్ చూపించే గైడు మాత్రం మాకు చెప్పలేదు. ఏ సినిమా ఎక్కడ తీశారో చెప్పాడు.

పెట్టిముడి

ఇంకొకటి కూడా చెప్పలేదు. వరయాడు అనే కొండమేకలను చూడటానికి అందరూ వెళ్ళే రాజమల దారికి అవతల పెట్టిముడి అనే చోటు వుంది. 2020 ఆగస్టు 6వ తేదీ రాత్రి పెద్దవానకు అక్కడ కొండచరియ విరిగి లయాల మీద పడింది. జనం నిద్రలో వున్నారు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. తెల్లవారేదాకా బయటి లోకానికి తెలియలేదు. 70 మంది పోయారు. వారిలో నలుగురి శవాలు దొరకనే లేదు. నాలుగేళ్ళకు, 2024 జూలై 30న, అదే రాష్ట్రంలోని వయనాడ్ కొండల్లో అంతకన్నా ఘోరం జరిగింది. అక్కడా తోట కూలీల లయాలు మట్టిలో కలిశాయి. కొండకూ వానకూ ఇది పాత పగే. మున్నార్‌లో దొరలు వేసుకున్న చిన్న రైలు మార్గం 1924 వరదకు కొట్టుకుపోతే మళ్ళీ వేయనే లేదు. అయినా వాలు మీద వాలు తొలిచి హోటళ్ళు లేచాయి. రోడ్డు వెడల్పు చేసిన గ్యాప్ రోడ్డు దగ్గర చరియలు విరిగిపడటం ఎన్నోసార్లు చూశాం.

"సరదాకు వెళ్ళాం, వాళ్ళ కష్టాలు వినడానికా?" అని కొందరంటారు. వినమని ఎవరూ బలవంతం చేయరు. కాని మనం ఊరికే చూసి వచ్చేవాళ్ళం కాదు. మనం అడిగే గదుల కోసమే హోటళ్ళు పెరుగుతున్నాయి. మనం పారేసే సీసాలు, కవర్లే అక్కడ కుప్పలు పడుతున్నాయి. పడయప్ప అని జనం ముద్దుగా పిలుచుకున్న అడవి ఏనుగు మేత కోసం చెత్తకుప్పల దగ్గరకు వచ్చిందంటే ఆ పాపంలో మన వాటా కొంత లేదా? ఇంకో మాట. మన పొలాలకు వచ్చినవాళ్ళు పైరును చూసి రైతును చూడకపోతే మనకెంత చిన్నతనమో, అక్కడా అంతే.

బస్సు కట్టేవాళ్ళు ఆలోచించాలి

అందుచేత మన పల్లెల్లో యాత్రలు కట్టే పెద్దలకు కొన్ని మాటలు మనవి చేస్తున్నాను.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా, వానాకాలంలో, ఆ కొండలకు బస్సు కట్టకండి. అడ్వాన్సు పోతుందని మొండిగా వెళ్ళకండి. సంక్రాంతి తర్వాత వెళ్ళేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కొండమేకలు ఈనే కాలమని ఎరవికుళం పార్కును ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో సాధారణంగా మూసివేస్తారు. టిక్కెట్టు దొరకలేదని గేటు దగ్గర తగువు పడితే లాభం లేదు. ముందే కనుక్కోవాలి. పన్నెండేళ్ళకోసారి కొండంతా నీలంగా పూసే కురింజి 2018లో పూసింది. మళ్ళీ 2030లోనే. ఈ ఏడాదే పూస్తుందని చెప్పి జనాన్ని బస్సెక్కించకండి.

తోటలోకి అడగకుండా దిగవద్దు. ఆకు కోసేవాళ్ళను అడగకుండా ఫొటో తీయవద్దు. వాళ్ళకు కిలోల లెక్క వుంది. మనం ఆపిన పది నిమిషాలు వాళ్ళ కూలిలో పడతాయి. మంచినీళ్ళకు ఇంటి నుంచి స్టీలు సీసాలు తెచ్చుకోవాలి. తిన్న విస్తరి, కవరు బస్సులోనే సంచిలో వేసి దించుకురావాలి. నల్లతణ్ణి తోటలో టీ మ్యూజియం వుంది. టీ చేసే పద్ధతి అక్కడ చూపిస్తారు. దుకాణాల్లో తిరిగే గంటలో సగం అక్కడ గడిపితే పిల్లలకు నాలుగు సంగతులు తెలుస్తాయి.

వచ్చేటప్పుడు మా పెద్దావిడ పావుకిలో టీపొడి పొట్లం కొంది. ఊళ్ళో దొరికేదానికన్నా నాలుగు డబ్బులు ఎక్కువే పెట్టింది. "బేరమాడలేదేం అత్తా?" అని అడిగాను. "ఆడదామనే అనుకున్నాను. కోసినవాళ్ళను చూశాక నోరు రాలేదు" అంది. మున్నార్ వెళ్ళేవారు ఆపాటి చూసి వచ్చినా చాలు.