నెత్తురు లెక్క తేల్చారు, పేరు లెక్క ఎవరు తేలుస్తారు?

పోస్ట్ పెద్దదే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

కొన్ని రోజులుగా మన గ్రూపులోనే ఒక వీడియో తిరుగుతోంది. ప్రపంచంలో బ్యాన్ చేసిన సినిమాలు అని లిస్టు. అందులో పైన ఉన్నది 'కానిబల్ హోలోకాస్ట్'. కింద మనవాళ్ళ కామెంట్లు చూశాను. "గుండె ధైర్యం ఉంటేనే చూడండి" అని ఒకరు. "అమెజాన్ తెగల వాళ్ళు నిజంగానే మనుషుల్ని తింటారంట" అని ఇంకొకరు. "కల్ట్ సినిమా బ్రో, అసలు అడవి మనుషులెవరో అడిగిన సినిమా" అని ఒక అన్న. మొదటి ఇద్దరి సంగతి సరే. ఆ మూడో అన్న బాగా చదువుకున్నవాడు, అందుకే ఆయనతోనే నా పేచీ.

ముందు తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. 1970ల నుంచి 80ల మొదటి దాకా ఇటలీ వాళ్ళు వరసగా అడవి సినిమాలు తీశారు. కథ దాదాపు ఒకటే. తెల్లవాళ్ళు అడవికి పోతారు, అక్కడి తెగ వాళ్ళను పట్టుకుంటుంది, కోస్తుంది, తింటుంది. 1972లో ఉంబెర్టో లెంజీ తీసిన సినిమాతో ఇది మొదలైందంటారు. దాన్ని థాయిలాండ్‌లో తీశారు. 1978లో సెర్జియో మార్టినో న్యూగినీ కథ అని చెప్పి శ్రీలంకలో తీశాడు. ఏ దేశమైనా, ఏ అడవైనా, ఏ మనుషులైనా వాళ్ళకు ఒకటే. ఆకులు కట్టుకుంటే చాలు. వీసీఆర్లు ఇళ్ళల్లోకి వచ్చాక ఈ సినిమాలు క్యాసెట్ల మీద దేశదేశాలు తిరిగాయి. థియేటర్‌లో ఆడనివి కూడా క్యాసెట్ షాపులో దొరికేవి. 'కానిబల్ ఫెరాక్స్' అనే సినిమాకైతే 31 దేశాల్లో నిషేధించారని చెప్పుకోవడమే పబ్లిసిటీ.

వీటన్నిటిలో పేరు మోసింది 1980లో రుజ్జేరో డియోడాటో తీసిన 'కానిబల్ హోలోకాస్ట్'. నలుగురు అమెరికా వాళ్ళు డాక్యుమెంటరీ తీద్దామని అమెజాన్‌కు పోయి మాయమైపోతారు. ఒక ప్రొఫెసర్ వెతుక్కుంటూ పోయి వాళ్ళ ఫిల్ము డబ్బాలు తెస్తాడు. న్యూయార్క్‌లో వేసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. మంచి సీన్ల కోసం ఆ నలుగురే ఊరివాళ్ళను గుడిసెలోకి తోలి నిప్పు పెట్టారు, ఆడపిల్లను చెరిచారు. తర్వాత ఆ తెగ వీళ్ళను చంపి తింటుంది.

సినిమా ఇటలీలో విడుదలైన కొద్ది రోజులకే కోర్టు ప్రింట్లు పట్టుకుంది. నటులను నిజంగానే చంపేశారేమో అని అనుమానం. దర్శకుడు వాళ్ళను తీసుకొచ్చి, ఇదిగో బతికే ఉన్నారు అని చూపించాల్సి వచ్చింది. జంతువులను మాత్రం కెమెరా ముందు నిజంగానే చంపారు. తాబేలు, కోతి, పంది, ఇంకా కొన్ని. దాని మీద కేసు నడిచింది, శిక్ష పడింది, 1984 దాకా నిషేధం ఉంది. అదే ఏడాది బ్రిటన్‌లో వీడియోల మీద ప్రత్యేక చట్టమే తెచ్చారు. అక్కడి పోలీసులు, పత్రికలు చెడ్డ క్యాసెట్లు అని పట్టుకున్న లిస్టులో ఈ సినిమా కూడా ఉంది. చివరికి 2011లో అక్కడి సెన్సార్ బోర్డు కోయటీ అనే ఒక చిన్న జంతువును చంపే 15 సెకన్లు మాత్రం కత్తిరించి, మిగతాదంతా పెద్దవాళ్ళు చూడొచ్చని సర్టిఫికెట్ ఇచ్చింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. నటుల ప్రాణం గురించి కోర్టు అడిగింది. మంచిదే, అడగాలి. జంతువుల గురించి అడిగింది. అదీ మంచిదే, మనకంటే ఎక్కువ ఎవరికి తెలుసు జంతువు విలువ. సెకన్లతో సహా లెక్క కట్టారు. కానీ ఆ సినిమాలో మనుషుల్ని తినేవాళ్ళని చూపించిన తెగకు ఒక పేరు పెట్టారు కదా. ఆ పేరు యానోమామి. అది కల్పించిన పేరు కాదు. బ్రెజిల్, వెనిజులా సరిహద్దు అడవుల్లో ఇవాళ్టికీ వేల మంది యానోమామిలు బతుకుతున్నారు. వాళ్ళలోనే ఒక వర్గాన్ని పిలిచే షమతారి అనే పేరును కూడా తీసుకుని, ఒకళ్ళు చెట్ల మీది జనం, ఇంకొకళ్ళు బురద జనం అని చూపించారు. ఈ పేరు తీసెయ్యండి అని కత్తెర పట్టుకున్నవాళ్ళెవరూ అనలేదు. 15 సెకన్లు తీశారు, పేరు ఉంచారు.

సినిమా తీసింది ఎక్కడో తెలుసా? కొలంబియాలో లెటీసియా అనే ఊరి దగ్గర. యానోమామిల అడవి అక్కడికి వందల కిలోమీటర్ల దూరం. అంటే ఉట్నూరులో షూటింగ్ పెట్టి, అక్కడి గోండు వాళ్ళకు వేషాలు కట్టి, వీళ్ళు సీతంపేట సవరలు, మనుషుల్ని తింటారు అని ప్రపంచమంతా క్యాసెట్లు అమ్మినట్టు. ఒకరి ఒళ్ళు వాడుకున్నారు, ఇంకొకరి పేరు వాడుకున్నారు. ఆ వేషాలు వేసిన స్థానికులకు డబ్బు కూడా ఇవ్వలేదన్న ఆరోపణ ఇప్పటికీ ఉంది.

అసలు యానోమామిలు ఎట్లా బతుకుతారు? చెట్ల మీద కాదు. పెద్ద గుండ్రటి ఇల్లు కట్టుకుంటారు, ఊరంతా దాని కిందే. నడుమ ఖాళీ జాగా, చుట్టూ ఒక్కో కుటుంబానికి ఒక్కో పొయ్యి. అరటి, కర్ర పెండలం వేస్తారు, వేటాడతారు, చేపలు పడతారు. "మరి వాళ్ళలో తినే ఆచారం ఉందంట కదా" అని ఎవరో ఒకరు అంటారని నాకు తెలుసు. ఉన్నది ఇది: తమ మనిషి చనిపోతే దహనం చేస్తారు, ఎముకల బూడిదను దాచి, చుట్టాలంతా కూడి అరటిపండ్ల గంజిలో కలుపుకుని తాగుతారు. పోయినవాళ్ళను మట్టిపాలు చెయ్యకుండా తమలో దాచుకోవడం అది. పోయినవాళ్ళ పేరు కూడా ఆ తర్వాత పలకరు, అంత బాధ. మన మైదానం వాళ్ళు అస్థికలు గోదారిలో కలిపితే పుణ్యం. వాళ్ళు గంజిలో కలుపుకుంటే నరమాంస భక్షణ. ఇదేం న్యాయం?

ఇప్పుడు ఆ అన్న వాదనకు వస్తాను. సినిమా చెప్పేది తెల్లవాళ్ళే అసలు క్రూరులని, కాబట్టి అది మన పక్షమే అని కదా. ఒప్పుకుంటాను, కథలో ఆ మాట ఉంది. కానీ కథలో ఆ నలుగురు చేసిందేంటి? సీను కోసం అడవి మనుషులను గుడిసెలోకి తోలి నిప్పు పెట్టారు. మరి డియోడాటో చేసిందేంటి? సీను కోసం అక్కడి మనుషులను గుడిసెలోకి పంపి నిప్పు పెట్టించాడు. వాళ్ళు జంతువును చంపి కెమెరా పెట్టారు, ఈయనా అదే చేశాడు. తప్పు అని చూపిస్తూ అదే తప్పు చేసి, టికెట్ అమ్ముకున్నాడు. పైగా "అసలు అడవి మనుషులెవరు" అనే ఆ ప్రశ్న నిలబడాలంటే ముందు మనం అడవి మృగాలమని అందరూ ఒప్పుకోవాలి. వీళ్ళూ వాళ్ళలాగే దిగజారిపోయారు సుమా అని తెల్లవాణ్ణి తిట్టడానికి మనల్ని కొలతగా వాడారు. తిట్టు వాళ్ళకే, కానీ తిట్టులో ఉన్న మాట మన పేరు.

'కానిబల్ ఫెరాక్స్' ఇంకా తెలివిగా చేసింది. 1981లో లెంజీదే. దాంట్లో ఒక యూనివర్సిటీ అమ్మాయి ఉంటుంది. నరమాంస భక్షణ అనేది వలస పాలకులు పుట్టించిన కట్టుకథ అని నిరూపిద్దామని అమెజాన్‌కు వస్తుంది. సరిగ్గా అప్పటికి, 1979లో, విలియం ఆరెన్స్ అనే ఆంత్రోపాలజిస్టు దగ్గర దగ్గర ఇదే ప్రశ్న వేస్తూ పుస్తకం రాశాడు. ఇలాంటి ఆచారాన్ని కళ్ళారా చూసి నమ్మకంగా రాసినవాళ్ళు ఎవరున్నారు చూపించండి అని అడిగాడు. పుస్తకం మీద పెద్ద చర్చ అయింది, అందరూ ఒప్పుకోలేదు. కానీ సినిమా చర్చ పెట్టలేదు. ఆ అమ్మాయి కళ్ళ ముందే తన స్నేహితులను తినిపించి, ఆమెను వెనక్కి పంపి, అలాంటిదేమీ లేదని అబద్ధం రాసి డాక్టరేట్ తీసుకున్నట్టు చూపించింది. అంటే మన తరఫున ఎవరైనా చదువుకున్నవాళ్ళు మాట్లాడితే అది అబద్ధమన్నమాట. మొన్న ఒక్క క్యాసెట్‌తో మన మీద మచ్చ వేశారు, రేపు మనం నోరు తెరిచినా నమ్మకుండా ముందే ఏర్పాటు చేసుకున్నారు.

"సినిమానే కదా, ఎవడికి నష్టం" అంటారా? సినిమా చూసి ఎవడో యానోమామిల మీదికి దండెత్తాడని నేను అనట్లేదు. కానీ ఆ క్యాసెట్లు దేశదేశాలు తిరుగుతున్న ఆ పదేళ్ళలోనే ఆ అడవిలో ఏం జరిగిందో చూడండి. బంగారం కోసం దాదాపు 40 వేల మంది బయటివాళ్ళు యానోమామిల నేల మీద పడ్డారు. మలేరియా, జ్వరాలు, తుపాకులు. ఏడేళ్ళలో వాళ్ళ జనంలో ఐదో వంతు పోయారని సర్వైవల్ ఇంటర్నేషనల్ చెప్తుంది. డేవి కోపెనావా లాంటి వాళ్ళు దేశాలు తిరిగి మొత్తుకుంటే 1992లో బ్రెజిల్ ఆ భూమికి హద్దులు వేసింది. మరుసటి ఏడాది 1993లో హషీమూ అనే చోట బంగారం తవ్వేవాళ్ళు 16 మందిని చంపారు, అందులో పసిపిల్లలున్నారు. బ్రెజిల్ కోర్టులు దాన్ని జాతి హత్య అన్నాయి. 2023లో మళ్ళీ అక్కడ ఆరోగ్య ఎమర్జెన్సీ. నెత్తురు తాగింది ఎవరు, తాగారని పేరు పడింది ఎవరికి?

ముందు పేరు చెడగొట్టడం, తర్వాత నేల మీదికి రావడం. ఇది మన కొండల్లోనూ జరిగిందే. 1835లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా ఘుంసూర్‌లో రాజు కప్పం బకాయి పడ్డాడని కంపెనీ సైన్యం కొండలెక్కింది. కొందుల ఊళ్ళు తగలబెట్టారు, మనుషుల్ని ఉరి తీశారు. వచ్చింది డబ్బు కోసం. తర్వాత చెప్పుకున్న కారణం నరబలి ఆపడం. 1845లో దానికోసమే మెరియా ఏజెన్సీ అని పెట్టారు. ఆ బలి మంచిదని ఎవరూ అనరు. కానీ ఊరు తగలబెట్టడానికి లైసెన్స్ అయింది ఆ ముద్రే.

ఇప్పుడు మన తెలుగు సినిమా. 2015లో 'బాహుబలి'లో కాలకేయులను చూశాం. పేరు పురాణంలోది, భాష కొత్తగా తయారు చేసిన కిలికి. ఫలానా తెగ అని చెప్పలేదు కాబట్టి కేసు వెయ్యడానికి ఎవరూ లేరు. కానీ నల్ల ఒళ్ళు, పళ్ళు, ఎముకలు, అర్థం కాని భాష చూసినప్పుడు చూసేవాడికి ఎవరు గుర్తొస్తారు? నాకు తెలుసు. హాస్టల్లో చేరిన మొదటి నెలలోనే నన్ను "మీ ఊళ్ళో పచ్చి మాంసం తింటారా, మీ భాషలో ఏదైనా అను" అని అడిగారు. అడిగినవాళ్ళు దుర్మార్గులు కాదు. వాళ్ళకు మనం తెలిసిందే తెర మీద నుంచి. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి నేను. మా ఊరి గురించి నేను నోరు విప్పకముందే సినిమా చెప్పేసింది.

బ్యాన్ చెయ్యండి అని నేను అడగట్లేదు. బ్యాన్ అయితే అదే పోస్టర్ మీద వేసుకుని అమ్ముకుంటారని చూశాం కదా. నేను అడిగేది చిన్న పని. ఆ వీడియో మన గ్రూపు నుంచి ఫార్వర్డ్ చెయ్యకండి. బయట ఎక్కడ కనబడినా కింద తెలుగులో రెండు లైన్లు రాయండి: ఆ తెగ పేరు యానోమామి, వాళ్ళు మనుషుల్ని తినరు, వాళ్ళ నేలను తింటున్నవాళ్ళు వేరే ఉన్నారు. సినిమా చూసేవాళ్ళు చూడండి, కానీ మూడు ప్రశ్నలు పెట్టుకుని చూడండి. ఎవరి పేరు వాడారు? ఎవరి ఒళ్ళు వాడారు? డబ్బు ఎవరికి పోయింది?

కల్ట్ అన్న అన్నకు ఒక్క మాట. మీరు ఫిల్మ్ కోర్సుకు అప్లై చేస్తున్నారని విన్నాను, సంతోషం. రేపు కెమెరా మీ చేతికొస్తుంది. అప్పుడు మీ ఊరిని ఊరి పేరుతో, మనుషులను వాళ్ళ పేర్లతో, వాళ్ళను అడిగి, వాళ్ళ కూలి వాళ్ళకిచ్చి తియ్యండి. మొదటి షో మన హాస్టల్లోనే వేద్దాం. కుర్చీలు నేను సర్దుతాను.

జోహార్.