బృహస్పతి బలము ఎక్కడిది?

గురుడు సింహరాశిని ప్రవేశించినపుడు గోదావరికి పుష్కరము. 2015 జూలైలో ఖమ్మము సీమ పల్లెలనుండి జనము భద్రాచలమునకు తండోపతండములుగా తరలిరి. పెండ్లికి గురుబలము చూడని యిల్లు కల్లూరు ప్రాంతమున అరుదు. ఆ గ్రహమునకు నిజముగా గల బలమెట్టిదో, అది యెక్కడిదో విచారించువారు అంతకంటె అరుదు.

గురుగ్రహము చుట్టును మహావేగముతో తిరుగాడు ఎలక్ట్రానుల వలయములు కలవు. వాని రేడియో ప్రసారమును 1959 ప్రాంతముననే భూమినుండి గుర్తించిరి. 1973 డిసెంబరులో పయొనీర్ 10 నౌక ఆ వలయములలో దూరినపుడు దాని పరికరములు కొన్ని తల్లడిల్లినవి. కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల కణములవి! అయస్కాంత క్షేత్రమున చిక్కుకొన్నవని చెప్పి పలువురు తృప్తిపడుదురు. అవి యెచట నిలిచినవో దానివలన తెలియును గాని, ఆ శక్తి యెట్లబ్బెనో తెలియదు. ఆబోతు బందెలదొడ్డిలో నున్నదనినంత మాత్రమున అది మేసిన చేను తెలియునా?

ఆ చేను అయో యను ఉపగ్రహము. దాని అగ్నిపర్వతములను 1979లో వాయేజర్ 1 చూచెను. సెకనుకు సుమారొక టన్ను ద్రవ్యము అయోనుండి వెడలి విద్యుదావేశమును పొందుచున్నది. పది గంటలైన పట్టక తన చుట్టు తాను తిరుగు గురుడు దానిని తన క్షేత్రముతో గిరగిర ఈడ్చును. బరువైన ద్రవ్యము వెలుపలికిని, వేడి కణములు లోపలికిని మారునపుడు ‘కోరస్’ తరంగములు పుట్టును. ధ్వనిగా మార్చి వినినచో ఇవి వేకువ పక్షుల కలకలమువలె నుండును. గెలీలియో నౌక కొలతలను బట్టి రిచర్డ్ హార్న్ ప్రభృతులు 2008లో ఒక లెక్క కట్టిరి: అయో కక్ష్యకు వెలుపల ఈ తరంగములు సుమారు నెలదినములలో ఎలక్ట్రానులను పదిలక్షల వోల్టులకు మించిన శక్తికి ఎత్తగలవు. అవి లోపలి బలిష్ఠ క్షేత్రమునకు జరిగినకొలది ఆ శక్తి ఇనుమడించును. సూర్యుడిందు ప్రధాన దాత కాడు. గురుని భ్రమణమే మూలధనము.

‘గురుడెక్కడ, కల్లూరెక్కడ’ అని కొట్టివేయువారు కలరు. భూమి చుట్టును ఇట్టి వలయములే యున్నవి. అందును తరంగములే ఎలక్ట్రానులకు ఉన్నచోటనే వేగమిచ్చుచున్నవని 2013లో వాన్ ఆలెన్ ప్రోబుల కొలతలు చూపినవి. ఇచట ప్రేరణ సూర్యునిది, అచట భ్రమణముది, మార్గమొక్కటియే. శ్రీహరికోటనుండి లేచిన చంద్రయాన్, మంగళయాన్, ఆదిత్య నౌకలు కక్ష్యను మెల్లగా పెంచుకొనుచు ఈ వలయములను మాటిమాటికి దాటవలసివచ్చినవి. 2008లో చంద్రయాన్-1 మీద ఆ దారిలోని రేడియేషనును కొలిచిన రాడామ్ యంత్రము బల్గేరియాది. దెబ్బ మనది, కొలబద్ద పరులది! 2023లో ఆదిత్య-ఎల్1 మీద అహమదాబాదు వారి స్టెప్స్ యంత్రము పదిలక్షల వోల్టులకు మించిన ఎలక్ట్రానులను సైతము లెక్కించినది. సంతోషమే. కాని దానిని మేల్కొలిపినది భూమికి 50,000 కిలోమీటర్ల ఆవల, వలయముల తీవ్రభాగము వెనుకబడిన పిదప.

శ్రీహరికోట విడిచి దూరమేగు ప్రతి నౌకయు వలయముల నడుమనే పనిచేయు స్వదేశపు ఎలక్ట్రాన్ మాపకమును, తరంగములను పట్టు ఆంటెన్నాను గొనిపోవలెను. ఈ రెంటి కొలతలు కలియనిదే పుట్టుక తేలదు. బరువను సాకు చెల్లదు. రాడామ్ అరకిలోకు లోపే. ఆ లెక్కలు తెలుగున అచ్చై కల్లూరు ఉన్నత పాఠశాల బల్లమీదికిని రావలెను.