ఏ సెక్టార్ పిల్లలు?

భిలాయిలో చంటిపిల్లలతో పార్కుకు వెళ్తే, పక్కన కూర్చున్నవాళ్లు మొదట అడిగేది పిల్లల పేరు కాదు. "కౌన్‌సా సెక్టార్?" అంటారు. మా పాపకు రెండేళ్లు, అక్క కొడుక్కి మూడేళ్లు. వీళ్లను తీసుకెళ్లిన ప్రతిసారీ ఈ ప్రశ్న వింటున్నాను. "క్యాంప్ 1" అంటే మర్యాదగానే తలూపుతారు. ఎవరూ వెళ్లిపొమ్మనరు. జారుడుబల్ల దగ్గర పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ కలిసే ఆడతారు. ప్రవేశ నిషేధం, వెలి అనే మన పాత మాటలు ఈ పరిస్థితిని చెప్పడానికి చాలవు.

రాజ్యాంగంలోని 15(2) అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లతో పాటు ప్రజలు చేరే స్థలాలనూ పేర్కొంది. ప్రభుత్వ నిధులతో నడిచే పిల్లల పార్కు అందులోకే వస్తుంది. ఈ అధికరణం వెనుక మహద్ అనుభవం ఉంది. బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించింది. మహద్ పురపాలక సంఘం 1924లో సరేనంది. అయినా చవదార్ చెరువు నీళ్లు తాగడానికి 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెంట జనం నడిచి వెళ్లాల్సి వచ్చింది.

రెండేళ్ల బిడ్డ అలా నడిచి వెళ్లలేదు. పెద్దవాళ్లకు దూరం కేవలం దూరమే. ఆ వయసు బిడ్డకు మాత్రం అదే నిషేధం. మా వీధి నుంచి బయలుదేరితే ఒకరిని చంకనెత్తుకుని, ఇంకొకరి చెయ్యి పట్టుకుని, జీఈ రోడ్డు మీద లారీలనూ ఆపైన రైలు పట్టాలనూ దాటాలి. (1992 జూలై 1న పోలీసులు కార్మికుల మీద కాల్పులు జరిపింది ఈ పవర్‌హౌస్ స్టేషన్‌లోనే. అది వీళ్లకు చెప్పే వయసు ఇంకా రాలేదు.) ఇంట్లో ఇద్దరు పెద్దలకు ఒకేసారి సెలవు దొరికితేనే కుదిరే ప్రయాణమిది. ఠేకాదారు కింద పనిచేసే తల్లికి సెలవంటే ఆ రోజు కూలి పోయినట్టే. ఆమె బిడ్డను ఎనిమిదేళ్ల అక్క ఎత్తుకుని తిరుగుతుంది. ఆ అక్కకూ ఆట ఉండదు.

ఈ దూరం ఎలా ఏర్పడింది? సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరింది, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. బడి, ఆసుపత్రి, చెట్లు, ఆటస్థలం ఉండేలా గీత గీసి సెక్టార్లు కట్టారు. క్యాంపులకు మాత్రం పేరులోనే తాత్కాలికం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి కూలికొచ్చిన మనవాళ్లెందరో ఇక్కడే స్థిరపడ్డారు. పర్మనెంట్ ఉద్యోగం దొరికితే క్వార్టర్ దొరికేది, క్వార్టర్‌తో పాటే పార్కూ.

భిలాయి కార్మికుల మీద జొనాథన్ ప్యారీ 2020లో తెచ్చిన పుస్తకం, పర్మనెంట్ కార్మికులకూ ఠేకా కార్మికులకూ మధ్య ఉన్న అంతరాన్ని వర్గ భేదంగానే చూపిస్తుంది. ఆ మాట నిజమే, కానీ మనం దానికి ఇంకొకటి కలపాలి. రిజర్వేషన్ పర్మనెంట్ పోస్టుకే, ఠేకా పనికి లేదు. పోస్టులు తగ్గి ఠేకా పెరిగిన కొద్దీ దళిత కుటుంబం ఉద్యోగంతో పాటు బిడ్డ ఆడుకునే చోటునూ పోగొట్టుకుంటోంది. ప్రైవేటీకరణ మీద మనం రాసే వ్యాసాల్లో ఈ లెక్క కనబడదు.

చట్టం కూడా ఈ వయసును వదిలేసింది. 2002 నాటి 86వ సవరణతో వచ్చిన చదువు హక్కు ఆరేళ్లకు మొదలవుతుంది. ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణ 45వ అధికరణంలో ఆదేశిక సూత్రంగా మాత్రమే ఉంది, అంటే దాని కోసం కోర్టుకు వెళ్లలేం.

అడిగేది పెద్ద కోరికేమీ కాదు. ఢిల్లీ మాస్టర్ ప్లాన్ 2021 ప్రతి 250 మంది జనాభాకు చంటిపిల్లల కోసం 125 చదరపు మీటర్ల ఆటజాగా ఉండాలంటుంది. ఇరుకు బస్తీలోనూ అంత చోటు వెతికితే దొరుకుతుంది. అందులో కాస్త ఇసుక, మోకాలెత్తు ఉయ్యాల, నీడ, కుళాయి, పాలిచ్చే తల్లి కూర్చోడానికి ఒక గట్టు ఉంటే చాలు. మన సభల్లో ఈ మాట ఎత్తితే "ముందు ఉద్యోగాలు, తర్వాత ఉయ్యాలలు" అని నవ్వేవాళ్లున్నారు. ఆ నవ్వేవాళ్లలో పిల్లల్ని ఎత్తుకుని పట్టాలు దాటినవాళ్లు నాకు కనబడలేదు. పట్టణ ప్రణాళిక చదువుతున్న మన విద్యార్థులు క్యాంప్ 1 మ్యాపు తీసి, ఒక్కో గల్లీ నుంచి దగ్గరి ఉయ్యాలకు రెండేళ్ల పిల్ల అడుగుల్లో ఎంత దూరమో కొలిచి పెడితే, దాన్ని వార్డు కార్పొరేటర్ ముందు పెట్టడానికి ఇక్కడి తల్లులు సిద్ధంగా ఉన్నారు.