‘అతికించడమేగా’ అనేవారికి

పోతపోసిన ప్లాస్టిక్ ముక్కలను పెట్టెతో కొని తెచ్చి, కాగితంలో చూపినట్లు అతికించి, దానికి విమానమనో ఓడయనో పేరు పెట్టుకోవడంలో సృజన ఏమున్నదని ఈ మధ్య ఒక సాహిత్య మిత్రులు నన్ను నిలదీశారు. “పంతులుగారూ, అరవై దాటాక మీకీ పిల్లచేష్ట లేమిటి?” అని పైనొక చురక. పిల్లచేష్ట అన్న మాటకు నాకు అభ్యంతరం లేదు. అది పిల్లలు చేయవలసిన పనే. వారు చేయలేకపోతున్నారన్నదే నా బాధ. ‘అతికించడమేగా’ అన్న తీర్పును మాత్రం అంగీకరించను.

ఆ మిత్రులు అవధానప్రియులు. కొప్పరపు సోదరకవులు పుట్టిన నేల మాదని సభల్లో ఛాతీ విరుచుకునేవారు. మరి అవధానంలో సమస్య ఇచ్చేది పృచ్ఛకుడు. దత్తపదిలో నాలుగు పదాలూ పరాయివే. ఛందస్సా, పూర్వులది. ఇన్ని ముక్కలు ఇతరులు చేతికిచ్చినా, పూరణ బాగుంటే కవికి శాలువా కప్పుతాము. యతి చెడితే నొసలు చిట్లిస్తాము. ఇచ్చిన ముక్కల నడుమ అతుకు కనబడకుండా చేయడమే అక్కడ విద్య. ఇక్కడా అంతే. తేడా ఒక్కటే. విమానం రెక్క అతుకు తప్పితే కంఠమాధుర్యంతో కప్పిపుచ్చడం కుదరదు.

ఇదంతా పాశ్చాత్య వ్యామోహమని మరికొందరి వాదన. మనకు కొండపల్లి బొమ్మలు లేవా అంటారు. ఉన్నాయి, నా వాదానికి మొదటి సాక్షులు అవే. తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, తల, మొండెము, చేతులు వేర్వేరుగా చెక్కుతారు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతుకుతారు. ఆకురాయితో నునుపు చేసి, సున్నం పూసి, అటుపైన రంగులద్దుతారు. ప్లాస్టిక్ కిట్టులోనూ ముక్క కోయడం, రాయడం, అతకడం, సందు పూడ్చడం, ప్రైమరు పూయడం, రంగు వేయడం, వరుస అదే. చెక్కే పని మాత్రం అచ్చు చేసిపెడుతుంది. అది చిన్న తేడా కాదని నేనూ అంటాను. కానీ చెక్కడం రానివాడు తక్కిన ఆరూ నేర్చుకోకూడదన్న శాసనం ఎక్కడున్నది? జపానులో తమియా సంస్థ 1946లో కలప వ్యాపారంగా మొదలై, కర్ర నమూనాల మీదుగానే ప్లాస్టిక్కుకు వచ్చింది.

ఇక పని విషయం. కిట్టులోని భాగాలన్నీ ఒక చట్రానికి వేలాడుతుంటాయి. ఆంగ్లంలో దానిని స్ప్రూ అంటారు. మిరపతోటల నడుమ పెరిగిన నాకు అది కొమ్మ, భాగం కాయ, రెంటినీ కలిపే సన్నని ముక్క తొడిమ. కొత్తవారు చేతితో విరుస్తారు. తొడిమతోపాటు కాయ చర్మం కూడా ఊడివస్తుంది. అలా కాదు. నిప్పరుతో కొంచెం ఎడంగా ఒకసారి కోసి, ఆ తరువాత మొదలంటా రెండవసారి కోయాలి. మిగిలిన తొడిమను 400 నంబరు గరుకు కాగితంతోను, ఆపైన సన్నదానితోను రుద్దాలి. అంతకుముందే ముక్కలను సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటే రంగు పట్టదు. జిగురు పెట్టకమునుపు రెండు ముక్కలనూ ఒట్టిగా కూర్చి చూసుకోవాలి. ఈ ఒక్క అలవాటు చాలామందికి ఉండదు, కవులకు కూడా.

జిగురు అంటే మన తెల్లజిగురు కాదు, అది ఈ ప్లాస్టిక్కును పట్టదు. సూపర్‌గ్లూ పట్టుతుంది గాని, అద్దపు భాగాల దగ్గర వాడితే దాని ఆవిరికి తెల్లని మసక కమ్ముతుంది. ఈ పనికోసం చేసిన ద్రవం రెండు అంచులనూ కరిగించి ఒకటిగా చేస్తుంది. కిటికీలు తెరిచి వాడాలి. పసివారికైతే జిగురు అక్కరలేకుండా నొక్కితే అమరే కిట్లు ఉన్నాయి. మా వైపు మరొక చిక్కున్నది. పత్తి తీసే రోజుల్లో గాలిలో తేలే నూగు, మిరపకాయలు ఆరబోసే రోజుల్లో ఎర్రటి దుమ్ము తడి రంగు మీదనే వాలుతాయి. రంగు వేయగానే గిన్నె బోర్లించడమే ఉపాయం.

నేనింత పట్టుదలగా వాదించడానికి కారణం వేరు. ఉద్యోగంలో ఉండగా ఒక విజ్ఞానప్రదర్శనకు న్యాయనిర్ణేతగా వెళ్ళాను. మూడు బడుల పిల్లలు మూడు బల్లల మీద ఒకే ఆనకట్టను పెట్టుకొని నిలబడ్డారు. ఒకే కొట్టులో కొన్న థర్మోకోల్ ఆనకట్ట. గేటు ఎందుకు అక్కడ ఉన్నదని అడిగితే ముగ్గురూ ఒకే పేరా అప్పజెప్పారు. నేను సున్నా వేశాను, బహుమతి మాత్రం అందులో ఒకదానికే వచ్చింది. ఆ థర్మోకోల్, ఈ కిట్టు రెండూ పాలీస్టైరీనే. అది ఉబ్బించిన నురుగు, ఇది గట్టి పోత. కిట్టు ద్రవం ఒక చుక్క థర్మోకోల్ మీద పడితే అక్కడ గుంట పడుతుంది. ఆ రోజు నా జేబులో ఒక సీసా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

చిన్ననాడు మేము జొన్నబెండును ముక్కలుగా కోసి, పైబెరడు పేళ్ళు గుచ్చి, జిగురు లేకుండా రెండెడ్ల బండి కట్టేవాళ్ళం. జొన్నచొప్ప ఈనాటికీ ఉంది, దాని చుట్టూ కూర్చునే పిల్లలే లేరు. వారు వసతిగృహాల్లో తెల్లవారుజామున లేచి జవాబుల గుండ్రాలు నింపుతున్నారు. వారి చేతికి పేరొందిన కళాఖండాలు రావాలని నేననడం లేదు. ఇరుసు ఎక్కడ పడుతుందో వేళ్ళకు తెలియాలంటున్నాను. 1:72 అనే కొలతకు మూలం ఆరడుగుల మనిషిని అంగుళానికి దించడమని పిల్లవాడికి చెప్పి చూడండి. నిష్పత్తులు నెల రోజులు బల్ల గుద్ది చెప్పినా ఎక్కనివాడికి ఒక్క పూటలో ఎక్కుతుంది.

నమూనా అంటే ఆటవస్తువని చిన్నచూపు చూసేవారు అమరావతిని తలుచుకోవాలి. మహాస్తూపం శిథిలమైపోయింది, దాని ఫలకాలు చెన్నై నుంచి లండన్ దాకా చెదిరిపోయాయి. అది ఎలా ఉండేదో మనం ఊహించగలుగుతున్నామంటే, ఆ ఫలకాల మీదనే శిల్పులు స్తూపాన్ని చిన్నదిగా చెక్కి ఉంచడం వల్లనే. నాగార్జునకొండ లోయ నీట మునిగితే, పిల్లలకు మేము చూపించినది మ్యూజియంలోని నమూనానే.

ప్లాస్టిక్కు మంచిదా అంటే కాదు. మిగిలిన కొమ్మలను కొవ్వొత్తి సెగ చూపి సన్నని తీగలుగా సాగదీసి వాడుకోవచ్చు గాని, అన్నీ అలా చెల్లవు. పెట్టెల నిండా యుద్ధవిమానాలూ ట్యాంకులే అన్నది మరొక అభ్యంతరం. ఇది నిజం, నాకూ నచ్చదు. అయితే బ్రిటనులో ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1940ల చివర చేసిన మొదటి నమూనా ఫెర్గూసన్ ట్రాక్టరు. ట్రాక్టర్ల కిట్లు ఇప్పటికీ వస్తున్నాయి.

నా మిత్రులకు అటువంటిదే ఒకటి పంపుతున్నాను, నిప్పరుతో సహా. ముందు చక్రాలు నాలుగూ ఒక్కసారే నేలకు ఆనేటట్లు కూర్చి చూపమనండి. సృజన సంగతి ఆ తరువాత మాట్లాడుకుందాం.