జెండా పట్టుకోనికి మేము, సైకిల్ ఎక్కనీకి వాళ్ళా?

  పోస్ట్ పెద్దగైంది, కొంచెం ఓపికతో చదవండి. చదివినంక తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ సగం చదివి తిట్టకండి.

పోయిన వారం మన గ్రూపుల ఒక ఫోటో తిరిగింది. పచ్చ టీషర్టులు వేసుకొని, చేతుల ఎర్ర జెండాలు పట్టుకొని, రోడ్డు పక్కన వరుసగా నిలబడ్డ హాస్టల్ ఆడపిల్లల ఫోటో. ఎడమ నుంచి నాలుగో పిల్లను నేనే. దాని కింద వంద దాకా లైకులు, "గిరిజన బిడ్డలకు గర్వకారణం" అని కామెంట్లు. ఒక సీనియర్ అన్న అయితే ఇట్ల రాసిండు: "ఇంత పెద్ద మహిళల సైకిల్ రేసుల మన పిల్లలకు వాలంటీర్ గా అవకాశం రావడమే గొప్ప. సైకిల్ రేసులు డబ్బున్నోళ్ళ ఆట. మన పిల్లలకు పుట్టుకతోనే స్టామినా ఉంటది, పరుగు పందెం, విలువిద్య మన ఆటలు."

అన్నా, నీ మీద నాకు కోపం లేదు. నా డిగ్రీ అడ్మిషన్ ఫారం నింపింది కూడా నీలాంటి ఒక అన్ననే. మా ఇంట్ల ఇంటర్ దాటింది నేనే మొదలు. కానీ ఆ మూడు వాక్యాలల్ల మూడు తప్పులున్నయి. ఒక్కొక్కటి చెప్త.

మొదటి తప్పు, "అవకాశం" అనే మాట.

ఆ ఆదివారం ఏం జరిగిందో ఫోటోల కనపడదు. శనివారం రాత్రి స్టడీ అవర్ల మా వార్డెన్ మేడం లిస్టు చదివింది. ముప్పై పేర్లు. "వస్తరా?" అని అడగలె. పొద్దున మూడున్నరకు లేపిన్రు, నాలుగింటికి బస్సు. ఎవరికీ సైజు సరిపోని టీషర్టులు. నన్ను ఒక యూటర్న్ దగ్గర నిలబెట్టిన్రు. నా పని ఏందంటే, సైకిళ్ళు వచ్చేటప్పుడు విజిల్ ఊది జెండా ఊపాలె, రోడ్డు దాటే మనుషులను, బండ్లను, కుక్కలను ఆపాలె. ఎవరన్న పడితే వాళ్ళను గుంజొద్దు, వెనక వచ్చేటోళ్ళకు జెండా చూపించాలె. దీన్ని మార్షల్ డ్యూటీ అంటరట. చిన్న పని కాదు. నలభై కిలోమీటర్ల వేగంతో యాభై మంది ఒక గుంపుగ వస్తే, ఆ నిమిషం వాళ్ళ ఎముకలు నా విజిల్ మీద ఆధారపడి ఉంటయి.

ఆ మలుపుల ఇసుక ఉండె. పక్కన ఎవరో ఇల్లు కడుతున్నరు. పొద్దు పొడవకముందే నేను చూసి, కార్డు మెడల వేసుకున్న ఒక సారుకు చెప్పిన. "సార్, ఇక్కడ ఊడవాలె, సైకిల్ జారుతది" అని. నేను సైకిల్ మీద పడ్డదాన్ని కాబట్టి నాకు తెలుసు. ఆయన "నువ్వు జెండా చూసుకో అమ్మా" అని పోయిండు. చీపురు అడిగితే లేదన్నరు. నేను, నా పక్క పిల్ల కలిసి టిఫిన్ ప్యాకెట్లు వచ్చిన అట్టముక్కలతో ఎంత తోయగలిగితే అంత తోసినం. సరిపోలె. మూడో రౌండుల ముగ్గురు అమ్మాయిలు అక్కడే జారి పడ్డరు.

సాయంత్రం మాకు దక్కింది: టీషర్టు, రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు, పేరు తప్పుగ రాసిన సర్టిఫికెట్. దాని మీద "వాలంటీర్" అని ఉంది. అన్నా, వాలంటీర్ అంటే తనంతట తాను వచ్చినోడు. లిస్టు చదివి బస్సు ఎక్కించినోళ్ళను వాలంటీర్ అనరు. మన తాతలు ఇటువంటి పనిని వెట్టి అన్నరు. నేను ఆ మాట వాడుతలేను, ఎందుకంటే నాకు ఆ పని నచ్చింది. మళ్ళ పిలిస్తే మళ్ళ పోత. కానీ అడిగి పిలవాలె, ఇసుక ఉందని చెప్తే వినాలె. అంతే.

రెండో తప్పు, "డబ్బున్నోళ్ళ ఆట".

పడ్డ ముగ్గురిల ఒక పిల్ల పడేటప్పుడు అరిచిన మాట నా చెవుల ఇంక ఉంది. "యాడీ!" అన్నది. అమ్మా అని కాదు, మా అని కాదు. యాడీ. తండాల పుట్టినోళ్ళకు చెప్పక్కర్లేదు. నేను జెండా ఊపుతనే మన భాషల "దెబ్బ తాకిందా" అని అడిగిన. ఆమె తల ఎత్తి నా దిక్కు చూసింది, ఆశ్చర్యపోయింది. మోచెయ్యి మొత్తం చెక్కుకపోయింది. ఊడిన చైను చేత్తోనే ఎక్కించుకొని, రక్తం కారుతుంటె ఎక్కి పోయింది. చివర నుంచి మూడో స్థానం. కానీ రేసు పూర్తి చేసింది.

అయిపోయినంక వెతుక్కుంటూ పోయి కలిసిన. కర్ణాటక, విజయపుర జిల్లాల ఒక తండా. వాళ్ళ బా ఏటా చెరుకు కొట్టనీకి మహారాష్ట్ర పోతడు. మా బా పత్తి ఏరనీకి పోయినట్టే. చిన్నప్పుడే స్పోర్ట్స్ హాస్టల్ సెలక్షన్లు పెడితే ఎంపికైంది. సైకిల్ హాస్టల్ ది, కోచ్ హాస్టల్ సారు, తిండి హాస్టల్ ది. విజయపుర, బాగల్‌కోట అంటే సైకిల్ రేసులకు దేశమంతా పేరు. వానలు సరిగ్గ పడని జిల్లాలు అవి. అక్కడి నుంచి వచ్చే పిల్లల్ల రైతుల పిల్లలే ఎక్కువ. ఇంకో సంగతి చూడండి. మేము ఇక్కడ ఎస్టీ, వాళ్ళు అక్కడ ఎస్సీ. పుస్తకంల వర్గం వేరు, పాట ఒకటే, యాడి ఒకటే.

ఆమెకు నాకు వయసు తేడా ఒక్క ఏడు. ఇద్దరం తండా పిల్లలమే, ఇద్దరం హాస్టల్ పిల్లలమే. ఆమె సైకిల్ మీద ఉంది, నేను జెండా పట్టుకొని ఉన్న. మధ్యల ఉన్న తేడా డబ్బు కాదు అన్నా. వాళ్ళ హాస్టల్ల సైకిళ్ళు ఉన్నయి, మా హాస్టల్ల లేవు. అంతే తేడా.

ఖర్చు అంటరా? నిజమే, పెద్ద రేసుల తొక్కే కార్బన్ సైకిల్ లక్షలల్ల ఉంటది. కానీ నేర్చుకునేటోళ్ళకు అల్యూమినియం రోడ్ సైకిల్ యాభై అరవై వేలకు వస్తది. పది సైకిళ్ళు ఐదారు లక్షలు. ఒక మీటింగుకు షామియానాలు, శాలువాలు, ఫ్లెక్సీలకు అయ్యే ఖర్చు ఎంతనో మీరే లెక్క వేసుకోండి. ఎవరెస్టు ఎక్కడం చవకా? 2014 మే 25న మన మాలావత్ పూర్ణ, ఇంక పద్నాలుగు కూడ నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ప్రపంచంల అంత చిన్న వయసుల ఎక్కిన ఆడపిల్ల అప్పటికి ఎవరూ లేరు. గురుకులం పిల్ల. తోడు ఆనంద్ కుమార్. సర్కారు అనుకున్నప్పుడు పైసలు దొరికినయి, ట్రైనింగ్ దొరికింది. అనుకోనప్పుడు మాత్రం "మన ఆట కాదు" అనే మాట దొరుకుతది.

పోనీ తొక్కే జాగ లేదా? 2002 నేషనల్ గేమ్స్ కోసం ఉస్మానియాల కట్టిన వెలోడ్రోమ్ ఉంది. 2023ల ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచిన్రు. నీడ కూడ ఉంది. మనం లేము.

మూడో తప్పు, "పుట్టుకతోనే స్టామినా".

ఈ మాట పొగడ్తలాగ వినపడతది. నాకు మాత్రం భయమైతది. పుట్టుకతోనే వచ్చిందంటే ఇంకెవరు ఏం ఇయ్యక్కర్లేదు కదా! షూస్ ఇయ్యక్కర్లేదు, గుడ్డు పాలు ఇయ్యక్కర్లేదు, కోచ్ ను పెట్టక్కర్లేదు. "అడవి బిడ్డ, ఉత్త కాళ్ళతో ఉరుకుతది" అని ఫోటో తీసుకొని పోవచ్చు. నేను పరుగును తక్కువ చేస్తలేను, విలువిద్యను అసలే కాదు. కానీ ఖర్చు తక్కువైన ఆటలన్నీ మన ఖాతాల, ఖర్చు ఉన్నయన్నీ ఇంకొకరి ఖాతాల రాసింది ఎవరు? కార్ నికోబార్ దీవి పిల్ల దెబోరా హెరాల్డ్ 2004 సునామీల బతికి బయటపడ్డది. అప్పుడు తొమ్మిదేండ్లు. తర్వాత వెలోడ్రోమ్ రేసులల్ల మన దేశానికి పేరు తెచ్చింది. ఆమెకు సైకిల్ ఎవరో ఒకరు ఇచ్చిన్రు కాబట్టే కదా ఆ కాళ్ళల్ల ఏముందో తెలిసింది!

ఆ రేసు అయినంక వారం రోజులు మా రూముల ఆరుగురం ఒకే ఫోనుల ఫ్రాన్స్ మహిళల టూర్ హైలైట్స్ చూసినం. ఎవరి డేటా ముందు అయిపోతే వాళ్ళు తిట్లు తినుడు. ఆ దేశాల తెల్ల ఆడవాళ్ళకన్న ఈ ఆట ఊరికే దొరికిందేమో అనుకున్న. దొరకలె.

1955ల ఒకసారి ఐదు రోజుల మహిళల రేసు పెట్టిన్రు, ఆపేసిన్రు. 1984ల మళ్ళ మొదలుపెట్టిన్రు. ఆ ఏడు గెలిచిన అమెరికా ఆమె మేరియాన్ మార్టిన్ కు దక్కింది ఒక కప్పు, వెయ్యి డాలర్లు. అదే ఏడు మగవాళ్ళ టూర్ గెలిచినాయనకు లక్ష డాలర్లకు పైనే. 1989 తర్వాత అది కూడ పోయింది. వేరే పేర్లతో చిన్న చిన్న రేసులు నడిచి 2009కి అవి కూడ ఆగినయి. 2013ల మరియానే వోస్, ఎమ్మా పూలీ, క్యాథరిన్ బెర్టిన్, క్రిసీ వెల్లింగ్టన్ అనే నలుగురు ఆడవాళ్ళు సంతకాల సేకరణ పెట్టిన్రు. దాదాపు 97 వేల మంది సంతకాలు పెట్టిన్రు. దానికి దక్కింది 2014ల ఒక్క రోజు రేసు. ఒక్క రోజు! ఎనిమిది రోజుల అసలు టూర్ 2022లనే వచ్చింది. అప్పుడు గెలిచిన ఆమెకు 50 వేల యూరోలు, మగాయనకు 5 లక్షలు. ఇంక కొట్లాడుతనే ఉన్నరు. 2025ల తొమ్మిది రోజులైంది.

వాళ్ళకు కూడ "ఇది మీ ఆట కాదు, అంత దూరం మీతో కాదు" అన్నరు. 2024 టూరుల ఏమైంది? పసుపు జెర్సీ మీద ఉన్న డెమీ వోలెరింగ్ ఐదో స్టేజీల పడ్డది, నిమిషానికి పైగా వెనుకబడ్డది. చివరి రోజు ఆల్ప్ దుయెజ్ కొండ మీద ఆమె గెలిచింది కానీ మొత్తం రేసు పోలాండ్ పిల్ల కాషా నివియాదోమా గెలిచింది. తేడా నాలుగు సెకండ్లు. వారం రోజులు తొక్కితే నాలుగు సెకండ్లు! మగవాళ్ళ టూరుల కూడ ఇంత చిన్న తేడా ఎన్నడూ లేదు. 2025ల మారిషస్ నుంచి వచ్చిన కిమ్ ల కోర్ అదే పసుపు జెర్సీ వేసుకుంది. ఆఫ్రికా దిక్కు నుంచి ఆ జెర్సీ వేసుకున్న మొదటి మహిళ ఆమెనే. ఒకప్పుడు మన తెలుగు కూలీలు చెరుకు తోటలకు పోయిన దీవి అది. అదే ఏడు సెప్టెంబరుల ప్రపంచ పోటీలు మొదటిసారి ఆఫ్రికాల జరిగినయి, రువాండాల కిగాలి పట్నంల. ఎవరి ఆటనో ఎవరి నుదుటి మీద రాసి లేదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి మాట్లాడుకుందాం. సర్కారును తిట్టుడు సులువు.

మా తండా నుంచి హైస్కూల్ ఐదు కిలోమీటర్లు. మా అన్నకు సైకిల్ కొన్నరు. మా అక్కకు కొనలె. "ఆడపిల్ల సైకిల్ తొక్కుతుంటే బాటల ఎవడన్న ఏమన్న అంటే?" అన్నరు. అక్క ఏడుల ఆగింది. పదహారేండ్లకు పెండ్లి. అన్న పదిల ఫెయిలై సైకిల్ అమ్మిండు. నేను ఆ అమ్మకముందే దొంగతనంగ తొక్కి నేర్చుకున్న, పడ్డ, మోకాలు మీద మచ్చ ఇంక ఉంది. నాకు గురుకులంల సీటు రాకపోతే నేను కూడ అక్క లెక్కనే. చదువుల మా అక్క నాకన్న మస్తు తెలివైంది. ఇది రాస్తుంటె చెయ్యి వణుకుతుంది.

బీహార్ల 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చిన్రు. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కలు తీస్తే, హైస్కూల్ల ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగింది. బడి దూరమున్న ఊర్లల్లనే లాభం ఎక్కువ. తమిళనాడు పుదుక్కోట్టైల 1990ల మొదట్ల అక్షరాస్యత ఉద్యమంతో పాటు లక్షకు పైగ ఆడవాళ్ళు సైకిల్ నేర్చుకున్నరు. కూలి పనికి పోయేటోళ్ళు, రాళ్ళు కొట్టేటోళ్ళు. వాళ్ళను కూడ బాటల నవ్విన్రు. నవ్వినోళ్ళు ఎక్కడున్నరో తెల్వదు, సైకిళ్ళు మాత్రం ఆగలె.

మన అన్నలల్ల కొందరు ఆ ఫోటో కింద ఇంకో రకం కామెంట్లు కూడ పెట్టిన్రు. రేసు అమ్మాయిల నిక్కర్ల మీద. అవి డిలీట్ చేసిన్రు కానీ మేము చదివినం. పిండి గిర్నీ కాడ మన యాడీలు నెత్తి మీద మూటతో ఎట్ల నడుస్తరో, చేన్ల ఏ బట్టలతోని ఎట్ల వంగుతరో చూసి నవ్వేటోళ్ళను మీరు కొట్టరా? మరి అదే చూపు మీ కండ్లల్ల ఎందుకు? ఆ పిల్ల నిక్కరు చూసినవు, మోచేతి రక్తం చూడలె.

నేను అడిగేది ఇంత:

ఒకటి. ఏ రేసుకైన హాస్టల్ పిల్లలను పంపితే ముందు అడగాలె. వద్దన్నోళ్ళను తిట్టొద్దు. దారి ఖర్చు, తిండి, దెబ్బ తగిలితే వైద్యం ఎవరు చూస్తరో కాగితం మీద రాయాలె.

రెండు. ప్రతి గిరిజన హాస్టల్ల మామూలు సైకిళ్ళు పది, ఆడపిల్లలకు కూడ. రేసు సంగతి తర్వాత, ముందు తొక్కుడు నేర్వనియ్యాలె.

మూడు. జిల్లాకు ఒక స్పోర్ట్స్ హాస్టల్ల రోడ్ సైకిళ్ళు, ఒక కోచ్. విజయపురల అయింది ఇక్కడ ఎందుకు కాదు?

నాలుగు. ఆరు దాటితే ఆడపిల్ల గేటు బయట అడుగు పెట్టొద్దనే రూలు మార్చాలె. రేసుకు జెండా పట్టనీకి నాలుగింటికి చీకట్ల బస్సు ఎక్కించినప్పుడు ఆ రూలు ఎక్కడ పోయింది?

ఐదోది మనకే. ఇంట్ల చెల్లె ఉన్న ప్రతి అన్న ఈ సెలవులల్ల ఆమెకు సైకిల్ నేర్పాలె. వెనక పట్టుకొని ఉరుకు, తర్వాత ఇడిచిపెట్టు. పైసా ఖర్చు కాదు.

మొదటి నాలుగు అర్జీగ రాసి పెట్టిన. వచ్చే సోమవారం ఐటీడీఏ ఆఫీసుల గ్రీవెన్స్ కు తీసుకపోతున్నం. మా హాస్టల్ నుంచి ఇప్పటికి పదకొండు సంతకాలు అయినయి. కొందరు భయపడుతున్నరు, వాళ్ళ మీద నాకు కోపం లేదు. గోండు, కోయ, చెంచు, లంబాడ, ఎవరైన రావచ్చు. మన మధ్య పంచాయితీలు ఆ ఒక్క రోజు గేటు బయట పెడదాం.

అన్నా, నీ కామెంట్ కు ఇదే నా జవాబు. ఆ ఫోటోను తీసేయమని అడగను. కానీ "గర్వకారణం" అనే మాట దాచిపెట్టు. మన పిల్ల ఆ మలుపుల జారి పడి, లేచి, చైను ఎక్కించుకొని పోయిన రోజు వాడుదువు. ఆ రోజు కూడ నన్ను పిలువండి, జెండా నేనే పడత. ఈసారి చీపురు కూడ నేనే తెచ్చుకుంట.

ఉంట.
మీ చెల్లె, డిగ్రీ రెండో సంవత్సరం, ఎస్టీ గర్ల్స్ హాస్టల్