ఎక్కినోళ్ల లెక్క సరే, ఎక్కలేనోళ్ల లెక్కేది?

పొద్దున ఎనిమిదింటికి మా ఊరి స్టేజీ కాడ పదిహేను మందిమి నిలబడతం. అందరం కాలేజీకి పోయేటోళ్లమే, అండ్ల ఎక్కువ ఆడపిల్లలమే. పల్లెవెలుగు బస్సు వస్తది. డోర్ కాడనే జనం వేలాడుతుంటరు. డ్రైవరన్న చెయ్యి ఊపి పోనిస్తడు. ఆయన్ని అనుడు ఎందుకు, లోపట కాలు పెట్ట జాగ లేదు. ఇగ ఆటోనే దిక్కు, ముప్పై రూపాయలు. పైసలు లేని రోజు కాలేజీ బంద్. హాజరు 75 శాతం తగ్గితే స్కాలర్‌షిప్‌కు తిప్పలే. ఆధార్ కార్డు బ్యాగులనే ఉంటది, జీరో టికెట్ మాత్రం చేతికి రాదు.

2023 డిసెంబర్ 9 నుంచి మన తెలంగాణల ఆడోళ్లకు మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఫ్రీ. మంచి పథకం. మా అమ్మ దవాఖానకు పోవాలంటే ఇప్పుడు బస్సు కిరాయికి ఎవ్వల్నీ అడుగుతలేదు. "ఫ్రీ పెట్టినంకనే బస్సులు ఖరాబైనయ్" అని ఆడోళ్లను తిట్టేటోళ్లకు ఒక్కటే చెప్త. జనం బస్సెక్కుడు తప్పు కాదు. జనం పెరిగినంక సుత మా రూటుల పాత టైంటేబులే నడుసుడు తప్పు.

బస్సులు మంచిగ నడుస్తున్నయా లేదా అని చూసేటందుకు ఆర్టీసీల ఆక్యుపెన్సీ రేషియో అని ఒక లెక్క ఉంటది. ఉన్న సీట్లకు ఎంత శాతం జనం ఎక్కిన్రు అని. 55 సీట్ల బస్సు అనుకోండ్రి. పొద్దున ట్రిప్పుల 100 మంది, మధ్యాహ్నం ట్రిప్పుల 10 మంది చివరిదాక పోయిన్రు. సగటు తీస్తే 55. అంటే కాగితం మీద నూటికి నూరు శాతం! పొద్దున ఊపిరాడక నలిగినోళ్లు, మధ్యాహ్నం ఖాళీగ తిరిగిన సీట్లు, రెండూ ఆ సగటుల మాయమైనయ్. స్టేజీ కాడ మిగిలిపోయిన మేమైతే ఆ లెక్కల మొదలే లేము. టికెట్ కొడితేనే మిషన్ల పడతం కదా. జీరో టికెట్ పైసలు సర్కారు ఆర్టీసీకి కడతది. మమ్మల్ని వదిలిపెట్టి పోతే సంస్థకు సుత నష్టమే.

కొత్త బస్సులు వద్దంటలేను, కావాలె. అవి వచ్చేలోపు ఉన్నవాటితోని చేసే పనులున్నయ్. బస్సు ఏ ఊర్లె నిండుతున్నదో టికెట్ మిషన్లనే తెలుస్తది. మూడో ఊరికే నిండితే, నాలుగో ఊరి కాడికెళ్లి ఖాళీ బస్సు ఒకటి షార్ట్ ట్రిప్పు మొదలుపెట్టాలె. మధ్యాహ్నం ఖాళీగ తిరిగే ట్రిప్పును పొద్దటికి జరపొచ్చు. కాకపోతే దవాఖానకు, అంగడికి పోయేటోళ్లను ముందుగాల అడిగి జరపాలె. మండలంల కాలేజీలన్నీ ఒక్కటే టైంకు మొదలుపెట్టకుంట, ఒకటి తొమ్మిదింటికి, ఇంకోటి పదింటికి పెడితే దగ్గరి ఊర్లకు ఒక్క బస్సే రెండు ట్రిప్పులు కొడ్తది. దీనికి డిపో మేనేజర్, ప్రిన్సిపాళ్లు ఒక్కకాడ కూసొని మాట్లాడుకుంటే చాలు. కని ట్రిప్పులు పెంచి డ్రైవర్లు, కండక్టర్ల నెత్తిన డబల్ డ్యూటీ వేస్తే మాత్రం అది బాగుచేసుడు కాదు.

తమ్ముండ్లు, చెల్లెండ్లు, మనం సుత ఒక పని చేద్దాం. ఒక్క వారం రాసి పెడదాం: బస్సు ఎన్నింటికి వచ్చింది, ఆగిందా లేదా, ఎంత మంది మిగిలిపోయిన్రు. ఆ కాగితం డిపోల ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకుందాం. గ్రామసభల తీర్మానం పెట్టిద్దాం. "బస్సు వస్తలేదు" అంటే వినేటోడు వింటడు, మరిచిపోతడు. "సోమవారం పదకొండు మంది, మంగళవారం పద్నాలుగు మంది మిగిలిన్రు" అని రాసిస్తే జవాబు చెప్పాలె.

మా స్టేజీ కాడ నేను రేపటి సంది రాస్తున్న. మీ ఊర్లె ఎవరు రాస్తరు?